లేబుల్ మీద 20 శాతం

మా అక్క కొడుకు విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాడి సంచిలోంచి రెండు సీసాలు బయటపడ్డాయి. ఒకటి అక్క కొనిపెట్టింది. ఇంకొకటి హాస్టల్లో పక్క మంచం కుర్రాడు "నాకు పడట్లేదురా" అని వీడికి అంటగట్టింది. రెండింటి మీదా పెద్దక్షరాలతో బ్రాహ్మి అని ఉంది, రెండింటి మీదా మెదడు బొమ్మ ఉంది. "మావయ్యా, వీటిలో ఏది మంచిది?" అన్నాడు.

భూతద్దం తెచ్చుకుని చిన్నక్షరాలు చదివాను. పక్క మంచం కుర్రాడి సీసాలో ఉన్నది బకోపా మొనియెరి ఎక్స్‌ట్రాక్ట్, గోళీకి 250 మిల్లీగ్రాములు, "20 శాతం బాకోసైడ్లకు స్టాండర్డైజ్ చేయబడినది". అక్క కొన్నదాంట్లో సెంటెల్లా ఏషియాటికా ఆకు పొడి, 500 మిల్లీగ్రాములు. దాని మీద శాతాల ఊసు లేదు. ఒకే పేరు కింద రెండు వేరు మొక్కలు! మొదటిది తడి నేలల్లో, కాలవ గట్ల మీద పాకే చిన్నాకుల మొక్క. మనవాళ్ళు సంబ్రాణి ఆకు అంటారు. రెండోది మనం పచ్చడి చేసుకునే సరస్వతి ఆకు, కొత్తిమీర, వాము కుటుంబానిది. వాడికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, "చదివి చెప్తా ఆగు" అన్నాను. ఆ చదవడం మూడు నెలలు పట్టింది.

పేర్ల గొడవ నిన్నా మొన్నా పుట్టింది కాదు. చరక సంహిత చెప్పిన మేధ్య రసాయనాలు నాలుగు: మండూకపర్ణి స్వరసం, యష్టిమధుక చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం. ఇందులో బ్రాహ్మి లేదు. మండూకపర్ణి అంటే మన సరస్వతి ఆకే. ఉత్తరాదిన చాలాచోట్ల దాన్నే బ్రాహ్మి అంటారు. కేరళ వైద్యులకు బ్రాహ్మి అంటే బకోపాయే. శంఖపుష్పి సంగతి ఇంకా చిక్కు. ఒకచోట అది కన్వాల్వులస్, ఇంకోచోట మన విష్ణుక్రాంతం, దక్షిణాదిన నీలం పూల శంఖపుష్పం తీగ. తాతల కాలంలో వైద్యుడే మొక్క పీక్కొచ్చి నూరేవాడు కాబట్టి పేరు ఏదైనా ఆకు ఆయన కళ్ళముందు ఉండేది. ఎండి పొడై, బస్తాల్లో మూడు రాష్ట్రాలు దాటి, గోళీగా మారిన తర్వాత కంటికి ఆనవాలు మిగలదు. అప్పుడు పేరు స్థానంలోకి ఒక అంకె వచ్చి కూర్చుంటుంది. ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

స్టాండర్డైజ్ చేయడమంటే ఏం చేస్తారు? ఎండిన ఆకును ఆల్కహాల్లోనో, అసిటోన్ కలిపిన నీళ్ళలోనో నానబెట్టి, కరిగినదాన్ని వడకట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసి పొడిగా ఆరబెడతారు. ఎన్ని కిలోల ఆకుకు ఒక కిలో పొడి వచ్చిందో చూస్తారు. వానాకాలం కోసిన మొక్కకీ ఎండాకాలం కోసినదానికీ, ఆకుకీ కాడకీ సరుకులో తేడా ఉంటుంది కాబట్టి ఏదో ఒక పదార్థాన్ని గుర్తుగా పెట్టుకుని కొలుస్తారు. వ్యాపారంలో దాన్ని మార్కర్ అంటారు. మార్కర్ ఎక్కువొస్తే మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పిండి కలిపి దించుతారు, తక్కువొస్తే గట్టి బ్యాచ్ కలిపి లేపుతారు. ఈ బ్యాచ్, పోయిన బ్యాచ్ ఒకేలా ఉండాలన్నదే ఆశయం. అంతవరకు మంచి పనే.

అయితే మార్కర్ అంటే పనిచేసే మందు అని అర్థం కాదు. యూరోపియన్ ఫార్మకోపియా ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. అది ఎక్స్‌ట్రాక్ట్‌లను మూడు తరగతులు చేసింది. ఏ పదార్థం వల్ల పనిచేస్తోందో ఖాయంగా తెలిసినవి మొదటి తరగతి. విరేచనానికి వాడే సునాముఖి అలాంటిది. వాటినే స్టాండర్డైజ్డ్ అంటుంది. ఫలానా పదార్థాలు పనిలో పాలుపంచుకుంటున్నాయి గానీ పనంతా వాటిదే అనలేనివి రెండో తరగతి. వాటిని క్వాంటిఫైడ్ అంటుంది, అంటే కొలిచినవి అని. మూడో తరగతిలో కొలిచేది నాణ్యత చూసుకోవడానికి మాత్రమే. ప్రపంచంలో జ్ఞాపకశక్తి కోసం అందరికన్నా ఎక్కువ పరిశోధన జరిగిన జింగో ఆకు ఎక్స్‌ట్రాక్ట్ ఈ లెక్కలో రెండో తరగతిలోకి వస్తుంది. యూరప్ ఫార్మకోపియా భాషలో అది స్టాండర్డైజ్డ్ కాదన్నమాట! అమెరికాలోనైతే ఫుడ్ సప్లిమెంట్ల విషయంలో ఆ మాటకు చట్టపరమైన నిర్వచనమే లేదు. ఎవరైనా రాసుకోవచ్చు.

అంకె ఎలా మోసపోతుందో చెప్పాలంటే నాకు మా ఊరి పాల కేంద్రం గుర్తొస్తుంది. పొద్దున్నే క్యాన్లు వరసగా పెట్టి లాక్టోమీటర్ ముంచేవారు. నీళ్ళు కలిపితే లాక్టోమీటర్ కిందికి జారిపోయేది. అందుకని నీళ్ళతోపాటు చక్కెరో, ఉప్పో, యూరియానో కలిపేవాళ్ళు తయారయ్యారు. కేంద్రం ఏది కొలుస్తుందో తెలుసుకున్నవాడు అదే పెంచుతాడు. మిగతా పాల గురించి వాడికి బెంగ లేదు.

జింగోలో జరిగిందీ అచ్చం ఇదే. జర్మనీలో కార్ల్స్‌రూహే పట్టణంలోని ష్వాబే కంపెనీ 1960ల నుంచి జింగో ఆకు మీద పనిచేసి ఈజీబీ 761 అనే ఎక్స్‌ట్రాక్ట్‌ను రూపొందించింది. సగటున 50 కిలోల ఆకుకు ఒక కిలో పొడి. అందులో ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు 24 శాతం, టెర్పీన్ లాక్టోన్లు 6 శాతం, ఒంటికి పడని జింగోలిక్ ఆమ్లాలు పది లక్షల్లో 5 భాగాలకు మించకుండా తీసేస్తారు. ఈ 24, 6 అంకెలు ప్రపంచమంతా ప్రమాణమైపోయాయి. చౌకగా చేసేవాళ్ళు వీటిని కొలిచే పద్ధతి చూశారు. ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లను ఆమ్లంతో విరగ్గొట్టి, వచ్చిన క్వెర్సెటిన్, కెంఫెరాల్, ఐసోరామ్నెటిన్ మూడింటినీ కూడి లెక్కేస్తారు. రూటిన్ అనే పదార్థం విరిగినా క్వెర్సెటినే వస్తుంది. రూటిన్ జపాన్ పగోడా చెట్టు మొగ్గల్లో దండిగా, కారుచౌకగా దొరుకుతుంది. ఇంకేముంది, పలచటి జింగో పొడిలో రూటిన్ కలిపితే 24 శాతం వచ్చేస్తుంది. పరీక్ష పాసు. దాన్ని పట్టుకోవాలంటే మూడింటి మొత్తం చూస్తే చాలదు, వాటి మధ్య నిష్పత్తి చూడాలి. జింగోలో ఉండకూడని జెనిస్టీన్ ఉందేమో వెతకాలి. అది పగోడా చెట్టు కాయల నుంచి వస్తుంది.

2015 మే నెలలో చైనా ఔషధ నియంత్రణ సంస్థ ఇంకో రకం పని పట్టుకుంది. గుయిలిన్ షింగ్‌డా అనే తయారీ సంస్థ ఎథనాల్‌తో తీయాల్సిన జింగో సారాన్ని ఖర్చు తగ్గించుకోవడానికి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీస్తోంది. అక్కడ కొన్న పొడి ఎన్నో కంపెనీల గోళీల్లోకి వెళ్ళిపోయింది. అంకె ఎంత వచ్చిందన్నది కాదు విషయం, ఆ ద్రావకంతో తీస్తే వచ్చేది వేరే సరుకు.

సరుకు మారితే శాస్త్రం కూడా తడబడుతుందనడానికి అమెరికా ప్రభుత్వ ప్రయోగమే ఒక ఉదాహరణ. నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ వాళ్ళు ఎలుకలకు, చుంచులకు రెండేళ్ళపాటు జింగో ఎక్స్‌ట్రాక్ట్ పట్టించి, చుంచుల కాలేయంలో కణితులు చూసి, 2013లో నివేదిక ఇచ్చారు. వాళ్ళు వాడిన సరుకులో ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు దాదాపు 31 శాతం, టెర్పీన్ లాక్టోన్లు 15 శాతం. ఫార్మకోపియా సరుకుకు దగ్గరగా కూడా లేదు. తర్వాత క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ జింగోను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే 2బి జాబితాలో చేర్చింది. జర్మనీ వైద్యుడు రాసే మాత్రకీ ఆ ఎలుకల మేతకీ పేరు ఒక్కటే.

ఇప్పుడు మావాడి సీసా మీది 20 శాతం దగ్గరికి వద్దాం. బాకోసైడ్ అనే పేరు పెట్టింది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ, సీడీఆర్ఐ. 1960ల్లో అక్కడి రసాయన శాస్త్రవేత్తలు బకోపాలోంచి బాకోసైడ్ ఏ, బాకోసైడ్ బి అని రెండు సాపొనిన్లు వేరుచేశారు. సాపొనిన్ అంటే నీళ్ళలో నురగ వచ్చేది. కుంకుడుకాయలో ఉండేదీ ఆ జాతిదే. తర్వాతి దశాబ్దాల్లో మెరుగైన పరికరాలతో చూస్తే బాకోసైడ్ ఏ ఒక పదార్థం కాదని, కనీసం నాలుగు సాపొనిన్ల కలగలుపని తేలింది. బాకోసైడ్ బి అసలుందా, వేరుచేసే క్రమంలో పుట్టిందా అన్న అనుమానమూ వచ్చింది. అసలు బాకోసైడ్ ఏ, బి అంటే ఏమిటో తేల్చాలని 2004లో ఒక పరిశోధన పత్రం శీర్షికలోనే అడిగేశారు. అప్పటికే బజారులో శాతాలు అచ్చయిన సీసాలు బోలెడు.

ఆ శాతం కొలవడానికి రెండు దారులున్నాయి. పాత పద్ధతిలో పొడిని ఆమ్లంలో మరిగించి, వచ్చినదాన్ని అతినీలలోహిత కాంతి కింద 278 నానోమీటర్ల దగ్గర చదువుతారు. అక్కడ కాంతిని పీల్చుకునే ప్రతిదీ బాకోసైడ్ ఖాతాలోకే పోతుంది. కొత్త పద్ధతి హెచ్‌పీఎల్‌సీ: పొడిలోని పదార్థాలను ఒక సన్నటి గొట్టం గుండా పంపి విడివిడిగా పట్టుకుని, ఒక్కొక్క సాపొనిన్‌నూ దాని నమూనాతో పోల్చి తూస్తారు. మొదటి దారిలో 50 శాతం చూపించిన పొడి రెండో దారిలో అందులో సగం కూడా చూపకపోవచ్చు. రెండు లేబుళ్ళూ అబద్ధం ఆడుతున్నాయని అనలేం. కాబట్టి 50 శాతం అని రాసిన సీసా, 20 శాతం అని రాసిన సీసాకన్నా గట్టిది కానక్కర్లేదు. ఏ పద్ధతిలో కొలిచారో లేబుల్ మీద ఉండదు. కొనేవాడు సహజంగానే పెద్ద అంకె ఉన్నదే తీసుకుంటాడు.

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ కథ ఇంకాస్త ముతకగా ఉంటుంది. ఇది మనకు దూరపు వ్యవహారమూ కాదు. ప్రపంచమంతా అమ్ముడయ్యే కేఎస్ఎం-66 అనే వేరు ఎక్స్‌ట్రాక్ట్ హైదరాబాద్ కంపెనీది. మూలికల ఎక్స్‌ట్రాక్ట్‌లు ఎగుమతి చేసే పెద్ద సంస్థలు విజయవాడలోనూ ఉన్నాయి. పంట మాత్రం ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ వైపు. రైతు మొక్కను వేళ్ళతో పీకుతాడు, వేరు కోసుకుంటాడు. ఆకు ఊరికే మిగులుతుంది. ఇక్కడి మార్కర్ వితనొలైడ్లు. అవి ఆకులోనూ పుష్కలం. ఊరికే వచ్చే ఆకు కలిపితే ఖరీదైన వేరు మీద రావాల్సిన అంకె సునాయాసంగా వస్తుంది. కానీ ఆకులో వితఫెరిన్ ఏ పాలు ఎక్కువ, అది కణాలకు విషం లాంటిది. వేరుకున్న వాడుక చరిత్ర ఆకుకు లేదు. కల్తీ పట్టాలంటే వితనొలైడ్ల మొత్తం చూస్తే లాభం లేదు, ఆకులో ఉండే ఫ్లేవనాల్ గ్లైకోసైడ్ల జాడ వెతకాలి. 2021 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకు వాడొద్దని తయారీదారులకు సూచన పంపింది. సమస్య లేకపోతే సూచన ఎందుకు? ఐస్‌లాండ్‌లో ముగ్గురికి, అమెరికాలో ఇద్దరికి అశ్వగంధ వాడాక కాలేయం దెబ్బతిన్న వైనం 2020లో అచ్చయింది. 2023లో డెన్మార్క్ దేశం ఏకంగా నిషేధించింది. ఆ నిషేధం అతి అని నా అభిప్రాయం. అయినా ఆకా, వేరా, ఎంత గాఢతా అనే ప్రశ్నలకు సూటి జవాబు లేని సరుకు మీద అధికారులకు అనుమానం రావడం సహజమే.

డీఎన్ఏ పరీక్ష చేస్తే తేలిపోదా అంటారు కొందరు. 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ అటార్నీ జనరల్ అదే చేశాడు. నాలుగు పెద్ద దుకాణాల సొంత బ్రాండ్ల జింగో, జిన్సెంగ్ వగైరా తెప్పించి డీఎన్ఏ బార్‌కోడింగ్ చేయిస్తే ఎక్కువ భాగంలో లేబుల్ మీది మొక్క జాడే లేదు. పత్రికలకు పండగ. రసాయన శాస్త్రవేత్తలు మాత్రం తల పట్టుకున్నారు. వేడి ద్రావకంలో తీసి, వడకట్టి, ఆరబెట్టిన ఎక్స్‌ట్రాక్ట్‌లో మొక్క డీఎన్ఏ మిగలకపోవడం మామూలే; అందులో కలిపిన బియ్యప్పిండి డీఎన్ఏ మాత్రం భేషుగ్గా ఉంటుంది. మంచి సరుకూ తప్పొచ్చు, పచ్చి ఆకు పొడి నాలుగు చిటికెలు వేసిన చెత్త సరుకూ నెగ్గొచ్చు. ఎండిన ఆకు బస్తాను పరీక్షించడానికి డీఎన్ఏ బ్రహ్మాండం. గోళీకి వేరే పరీక్ష కావాలి.

మార్కర్ అసలు చూడనిది ఇంకొకటి ఉంది, మట్టి. బకోపా తడి నేలలో పెరుగుతుంది, మురుగు కాలవైనా దానికి అభ్యంతరం లేదు. లక్నోలోనే ఉన్న ఎన్‌బీఆర్ఐ, జాతీయ వృక్ష పరిశోధనా సంస్థ, 1990ల్లో ఈ మొక్కను వేరే కారణంతో అధ్యయనం చేసింది: పాదరసం లాంటి లోహాలను నీళ్ళలోంచి ఎంత బాగా పీల్చుకుంటుందో చూడటానికి. ఒక ఊరు, ఒక మొక్క, రెండు సంస్థలు. ఒకదానికి అది జ్ఞాపకశక్తి మందు, ఇంకోదానికి మురుగు నీటిని శుభ్రం చేసే సాధనం. రెండూ నిజమే. ఎక్కడ కోశారన్నది తెలియకుండా 20 శాతం బాకోసైడ్ అంటే సీసం ఎంతో, కాడ్మియం ఎంతో తెలియదు. అమెరికాలో అమ్ముతున్న ఆయుర్వేద ఉత్పత్తుల్లో దాదాపు ఐదోవంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లోనూ, మళ్ళీ 2008లోనూ అక్కడి వైద్యుల సంఘం పత్రికలో వచ్చింది. అందులో లోహ భస్మాలు కలిపే రసశాస్త్ర మందుల వాటా ఎక్కువ, నిజమే. ఉత్త మూలికల మందులు కూడా పూర్తిగా తప్పించుకోలేదు.

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు "బ్రెయిన్ బూస్టర్" పేరుతో పదిహేను మూలికలు కలిపి అమ్మే గోళీల మీద ఎక్కువ రాయడం అనవసరం. అమెరికా సైనిక వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో అలాంటివి 12 పరీక్షిస్తే, 8 ఉత్పత్తుల్లో లేబుల్ మీద ఉన్నదేదో ఒకటి లోపల కనిపించలేదు.

సరే, మొక్క సరైనది, ఆకు శుభ్రమైనది, అంకె హెచ్‌పీఎల్‌సీలో తేలినది అనుకుందాం. పనిచేస్తుందా?

బకోపా మీద ఉన్న ఆధారం తీసిపారేసేంత చెత్త కాదు, ఎత్తి చూపేంత గొప్పదీ కాదు. సీడీఆర్ఐ తయారుచేసిన సీడీఆర్ఐ 08 ఎక్స్‌ట్రాక్ట్ 1990ల్లో మన బజారులో మెమరీ ప్లస్‌గా వచ్చింది. చదరంగం విశ్వనాథన్ ఆనంద్ ప్రకటనల్లో కనిపించాడు. అదే ఎక్స్‌ట్రాక్ట్ ఆస్ట్రేలియాలో కీన్‌మైండ్ అయింది. 2001లో మెల్‌బోర్న్‌లో 46 మంది ఆరోగ్యవంతులకు రోజుకు 300 మిల్లీగ్రాములు 12 వారాలు ఇచ్చారు. ఐదో వారానికి ఏమీ లేదు. 12వ వారానికి కొత్త సమాచారం నేర్చుకునే వేగంలో తేడా కనిపించింది. మరుసటి ఏడు ఇంకో బృందం 40 దాటిన 76 మంది మీద చూస్తే, కొత్తగా నేర్చుకున్నది మరిచిపోయే వేగం కాస్త తగ్గింది, మిగతా పరీక్షలు కదల్లేదు. 2012లో ఆరు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, స్వేచ్ఛగా గుర్తుచేసుకోమనే 17 పరీక్షల్లో 9 బకోపావైపు మొగ్గాయి. 2014లో 9 పరీక్షలను, 518 మందిని కలిపి చూసిన ఇంకో సమీక్ష దృష్టి వేగంలో మెరుగుదల చూసింది. ఒకరికి జ్ఞాపకం, ఇంకొకరికి వేగం. ఇలా ప్రతిసారి ఫలితం వేరే గదిలోంచి తొంగిచూస్తుంటే నాకు నమ్మకం కన్నా అనుమానమే ఎక్కువ.

ఇంకో చిక్కు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సాపొనిన్ కడుపును కెలుకుతుంది. 55 దాటిన 98 మంది మీద 2010లో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్షలో బకోపా వేసుకున్నవాళ్ళకు విరేచనాలు పెరిగాయి, కడుపునొప్పి, వికారం వచ్చాయి. ఎవరికి మందు, ఎవరికి ఉత్త పిండి అనేది వేసుకునేవాడికి తెలియకూడదన్నదే ఈ పరీక్షల ప్రాణం. రోజుకు మూడుసార్లు దొడ్డికి పరిగెత్తేవాడికి తనకేమిచ్చారో ఆ పాటికి తెలిసిపోదా? తెలిశాక పదాల జాబితా కాస్త శ్రద్ధగా గుర్తుపెట్టుకోడా?

పైగా ఈ ఫలితాలు ఆ ఎక్స్‌ట్రాక్ట్‌వి. వేరే ద్రావకంతో, వేరే చోటి మొక్కతో చేసిన సీసా వాటిని తన లేబుల్ మీద వాడుకోవడం అప్పు నగ పెట్టుకుని పెళ్ళికి వెళ్ళడం లాంటిది. మావాడి సీసా పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద "వైద్య పరీక్షల్లో నిరూపితం" అని ఉంది. ఏ పరీక్షలో, ఏ సరుకుతో అన్నది లేదు. ఇక సరస్వతి ఆకు విషయానికొస్తే, 2017లో 11 అధ్యయనాలు కలిపి చూసిన సమీక్షలో బుద్ధి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, మనసు కాస్త హుషారుగా ఉందన్నారు. పచ్చడికి మాత్రం నేను ఓటేస్తాను.

జింగో దగ్గర నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన సంగతి ఉంది. ఇంత కచ్చితంగా తయారైన సరుకు కాబట్టే దాన్ని పెద్ద ఎత్తున, ఏళ్ళ తరబడి పరీక్షించడం కుదిరింది. అమెరికాలో జెమ్ అనే పరీక్షలో 75 దాటిన 3,069 మందిలో సగానికి ఈజీబీ 761ను 120 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, సగటున ఆరేళ్ళ పైచిలుకు ఇచ్చారు, మిగతా సగానికి ఉత్త మాత్ర. 2008లో ఫలితం: మతిమరుపు వ్యాధి జింగో వైపు 277 మందికి, ఉత్త మాత్ర వైపు 246 మందికి. ఆపలేదు. వ్యాధి రాకముందు జరిగే మామూలు మందగింపునూ ఆపలేదని మరుసటి ఏడు అదే బృందం చెప్పింది. ఫ్రాన్స్‌లో 70 దాటిన 2,854 మంది మీద ఐదేళ్ళు నడిచిన గైడేజ్ పరీక్ష కూడా 2012లో అదే మాట చెప్పింది. మతిమరుపు ఇప్పటికే మొదలైనవాళ్ళలో 240 మిల్లీగ్రాముల మోతాదుకు కొంత ఉపశమనం ఉందని యూరప్ ఔషధ సంస్థ ఒప్పుకుంటుంది. అది వైద్యుడి దగ్గర తేల్చుకోవాల్సిన సంగతి. పరీక్షల సీజన్‌లో ఇంటర్ కుర్రాడికి దానితో పనిలేదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా లేని సరుకు ఉంటేనే 'లేదు' అన్న జవాబును కూడా నమ్మగలం. బకోపాకు అలాంటి పరీక్ష ఇంతవరకు ఎవరూ పెట్టలేదు, అందుకే దాని ప్రకటనలకు ఇంకా ఆశ మిగిలి ఉంది.

మన చట్టంలో ఒక విచిత్రం ఉంది. ఔషధ నియమావళిలోని షెడ్యూల్ జె అనే జాబితా, ఏ మందూ ఫలానాదాన్ని నయం చేస్తానని చెప్పుకోకూడదంటూ కొన్ని పేర్లు ఇస్తుంది. అందులో ఎయిడ్స్, బట్టతల వగైరాలతో పాటు "మెదడు సామర్థ్యం పెంచడం, జ్ఞాపకశక్తి మెరుగుపరచడం" కూడా ఉంది. ఇది అల్లోపతీ మందులకు వర్తించే నియమం. ఆయుర్వేద మందుకు వేరే లైసెన్సు, వేరే నిబంధన. ఫుడ్ సప్లిమెంట్‌గా అమ్మితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు. ఒకే గోళీ మూడు తలుపుల్లో ఏ తలుపుగుండా వచ్చిందన్నదాన్ని బట్టి లేబుల్ మీద ఏం రాయొచ్చో మారిపోతుంది. మావాడి రెండు సీసాల్లో ఒకటి ఆయుర్వేద ఔషధం, ఇంకొకటి ఆహారం.

ఇన్ని చదివాక, 20 శాతం సీసా కంపెనీకి మెయిల్ రాశాను. బ్యాచ్ నంబర్ ఇచ్చి, విశ్లేషణ పత్రం, వ్యాపారంలో సీవోఏ అంటారు కదా, అది పంపమన్నాను. నాలుగు రోజుల్లో మర్యాదగానే పంపారు. ఒక పేజీ. రంగు: లేత గోధుమ. తేమ: 3.2 శాతం. బాకోసైడ్లు: 21.4 శాతం. పద్ధతి అన్న గడిలో: యూవీ. భార లోహాలు అన్న గడిలో అంకె లేదు, "ప్రమాణాలకు లోబడి ఉంది" అని ఒక మాట. మొక్క ఎక్కడ కోశారన్నదానికి గడే లేదు. హెచ్‌పీఎల్‌సీ ఫలితం ఉంటే పంపమని మళ్ళీ అడిగాను. దానికి జవాబు రాలేదు.

ఈ లోపు సంక్రాంతి వచ్చింది. మావాడు ఊరికొచ్చాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు బోలెడు సమాచారం ఉంది. సీసా పట్టుకురమ్మన్నాను.

"లేదు మావయ్యా. పది రోజులు వేసుకున్నా. కడుపులో ఒకటే గడబిడ. నాకు పడలేదు."

"పారేశావా?"

"లేదు, పక్క గదిలో ఒకడు అడిగితే ఇచ్చేశా. వాడు ఫిజిక్స్‌లో కొంచెం వీకు."